ఎవరు చూడటం లేదు

“తరిమింది కుక్కను వీధి చివరిదాకా కోడి.”

టీచరు బోర్డు మీద ఈ వాక్యం రాసి కర్త ఏదని అడిగింది. క్లాసంతా ఒక్క గొంతుతో కుక్క అంది. కోడి కుక్కను తరమడమేమిటి, మీరే పొరబాటున రాసుంటారని వెనక బెంచీ పిల్ల లేచి మరీ చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు.

టీచరు నవ్వలేదు. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. జ్వరమని తన కాళ్ళ మీద తాను ఆసుపత్రికి వెళ్ళిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. ఆనాటి నుంచి ఆమె లేస్తోంది, వండుతోంది, రుచి తెలియకుండానే ఇంత తింటోంది, బడికి వస్తోంది. అంతే.

“ముందు క్రియను పట్టుకోండి,” అంది. “తరిమింది. ఏది తరిమిందని దాన్నే అడగండి. కుక్క వెనక ‘ను’ ఉంది, చూశారా? కుక్కను ఏ మూల పడేసినా ఆ ‘ను’ దాని వెంటే ఉంటుంది. కాబట్టి కుక్క కర్త కాదు.”

ఇంట్లో అత్తగారి మాటలకు ఆ ‘ను’ కూడా మిగల్లేదు. కొడుకు పోయిన నెల తిరక్కుండానే ఆవిడకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట కొంత తిరిగొచ్చింది గానీ, తలకిందులుగా వచ్చింది. చలేస్తోంది, కిటికీ వెయ్యమనడానికి “వెయ్యి... చలి... కిటికీ” అనేది. కోడలు క్రియను పట్టుకుని, మిగతాది ఊహించి పని కానిచ్చేది. ఆవిడకు స్నానం చేయించినా, అన్నం తినిపించినా అన్నీ చేతులే చేసుకుపోయేవి. మనసు ఎక్కడుందో ఆమెకే తెలిసేది కాదు.

ఆ శనివారం ఆడపడుచు వచ్చింది. తల్లి పక్కన కూర్చుని ఎలా ఉన్నావని అడిగింది. ఆవిడ చాలాసేపు తంటాలు పడి, “చూడటం లేదు... కోడలు... అమ్మ,” అంది. మళ్ళీ అదే అంది, ఈసారి ఏడుస్తూ.

ఆడపడుచు ముఖం మాడిపోయింది. వంటింట్లోకి వచ్చి, గొంతు పెంచకుండానే, “అమ్మను చూడటం లేదట కదా వదినా. నీ దుఃఖం నీకుంటుంది, కాదనను. మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను,” అంది.

పక్క బట్టలు రోజూ ఎవరు ఉతుకుతున్నారో చెప్పచ్చు. కానీ ఆ మాట ఎవరినో అన్నట్టుంది టీచరుకు. సరేనంది.

ఆడపడుచు తల్లి చీరలు సంచిలో కుక్కసాగింది. మంచం మీద ఆవిడ తల అడ్డంగా ఊపుతూ అవే మూడు మాటలు అంటోంది. గుమ్మంలో నిలబడి వింటున్న టీచరుకు, బాధతో కాదు, పాఠం చెప్పే అలవాటు కొద్దీ, ఒక సంగతి తట్టింది. కోడలికీ ‘ని’ లేదు, అమ్మకీ ‘ను’ లేదు. ఇద్దరిలో ఎవరైనా కర్త కావచ్చు.

వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది.

“అత్తయ్యా, ఎవరు చూడటం లేదు? చేత్తో చూపించండి.”

ఆవిడ ఎడమ చెయ్యి తన గుండె మీదే వేసుకుంది.

“మీరా? ఎవర్ని?”

ఆ చెయ్యే లేచి వచ్చి, కోడలి చిక్కుపడ్డ జుట్టు మీద ఆగింది. అక్కణ్ణుంచి చెంప మీదికి జారింది.

“చిక్కింది... పిల్ల,” అంది ఆవిడ.

ఆడపడుచు చీర ఒళ్ళో పెట్టుకుని అలాగే కూలబడింది. తప్పుగా అనుకున్నాను వదినా అని వెక్కివెక్కి ఏడ్చింది. టీచరు తనకూ ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. చెంప మీది చెయ్యి వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది. దాన్ని తియ్యకుండా కాసేపు కూర్చుంది.

సంచిలోని చీరలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. ఆడపడుచు రెండు రోజులు ఉండిపోయింది, ఇకమీదట సెలవుల్లో వస్తానంది. ఆ పూట వంట ఆమే చేసి, తల్లికి తినిపించి, వదినకు వడ్డించింది. టీచరు రెండు ముద్దలు తిని ఆగింది.

“పప్పులో ఉప్పు తక్కువైంది,” అంది.

ఆడపడుచు గబగబా లేచి ఉప్పు డబ్బా తెచ్చిపెట్టింది.