మాడిన గంబో పిండి

తుఫాను వెళ్ళిపోయింది గానీ కరెంటు తిరిగి రాలేదు. లూసియానాలో, బయూ కాలవ గట్టు మీద, ఆగస్టు నెలలో కరెంటు లేకపోవడమంటే మాటలా! గాలివానకి చెక్కుచెదరని మనిషిని కూడా ఆ తర్వాతి ఉక్క పడేస్తుంది. నిన్ననే ఎదురింటి ముసలాయన వరండాలో కుర్చీలోనే సోలిపోతే అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది.

వెర్లీ ఇంటి పైకప్పు సగం లేచిపోయింది. అయినా ఆవిడకి దిగులు లేదు. పెరట్లో క్యాంపింగ్ ట్రైలర్ ఉంది. చేపల వేటకని మొగుడు క్లోవిస్ దాన్ని కొన్న రోజున, "ఆ రేకు డబ్బాలో నువ్వూ నీ గాలాలూ కాపురం చేసుకోండి" అని దెప్పిన మనిషే ఇప్పుడు దాన్ని చూసుకుని మురిసిపోతోంది. తుఫానుకి ముందు ట్రక్కుకి తగిలించి ఎగువనున్న ఆడపడుచు ఊరికి లాక్కెళ్ళారు. గాలి తగ్గాక మళ్ళీ లాక్కొచ్చి ఇక్కడ నిలబెట్టారు. దూరంగా పెట్టిన జనరేటర్ గుడగుడలాడుతోంది. లోపల ఏసీ, గ్యాసు పొయ్యి, మెత్తటి మంచాలు. ఇంకేం కావాలి?

కావలసింది అత్తగారు. ఆవిడే రానంటోంది.

యూలాలీ పక్కింట్లోనే ఉంటుంది. వరండాలో అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. మొహం కందగడ్డలా ఉంది. పొద్దుట ధారలుగా కారిన చెమట ఇప్పుడు బొత్తిగా ఆగిపోయింది. అది మంచి లక్షణం కాదని వెర్లీకి తెలుసు.

"అత్తయ్యా, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. వచ్చి కాసేపు చల్లగా పడుకోండి."

"చచ్చినా రాను. వెనకటి తుఫానుకి సర్కారు వాళ్ళిచ్చిన ట్రైలర్లోనే కదే మీ మామయ్య పోయాడు! సొంత గుమ్మం మళ్ళీ తొక్కకుండానే పోయాడు. ఇంక జన్మలో ట్రైలర్లో నిద్రపోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా."

"నిద్రపోవద్దు, ఊరికే కూర్చోండి చాలు."

"ముందు కూర్చోబెడతావు, తర్వాత పడుకోబెడతావు. నీ సంగతి నాకు తెలీదూ!"

క్లోవిస్ ఎత్తుకొస్తానని వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. "కర్ర ఎత్తిందే! ఈ వయసులో నన్ను కొట్టడానికి కర్ర ఎత్తింది!"

వెర్లీకి నవ్వు రాలేదు. సాయంత్రందాకా అలాగే వదిలేస్తే ముసలావిడ దక్కదు. నోరు మంచిది కాదు, నిజమే. కోడలి వంట తిని "తినొచ్చు" అన్నదే ఆవిడ నోట వచ్చిన అతిపెద్ద మెప్పు. కానీ వెర్లీకి తల్లి లేదు. పిల్లలు పుట్టినప్పుడు పక్కన కూర్చున్నది ఈ నోటి మనిషే. ఆవిడ లేని వరండాని తలుచుకోవడానికి కూడా మనసొప్పలేదు.

కరెంటు పోతే ఆ గట్టు మీద ఒక పద్ధతుంది. ఫ్రిజ్‌లలో కరిగిపోతున్న రొయ్యలూ బాతు మాంసమూ అన్నీ పొయ్యి ఉన్నవాళ్ళింటికి చేరతాయి. అందరికీ కలిపి ఒక్క గంబో పులుసు. ఈసారి పొయ్యి వెర్లీది. గంబో అంటే ముందు పిండి; పులుసుకి రంగూ చిక్కదనమూ దానివల్లే. నూనెలో పోసి, సన్నటి సెగ మీద, గరిట ఆపకుండా కలపాలి. అది ముదురు గోధుమ రంగుకి వచ్చేదాకా ఇల్లు అంటుకున్నా పొయ్యి వదలకూడదు. ఒక్క నల్ల చుక్క కనబడిందా, మొత్తం పారబోయాల్సిందే. ఆ ఊళ్ళో మొగుణ్ణి వదిలేసిన ఆడదాన్నయినా క్షమిస్తారు గానీ పిండి మాడ్చినదాని గురించి ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు.

వెర్లీ ఇనప గిన్నె పెట్టింది. నూనె, పిండి పోసింది. అత్తగారి వరండా వైపు కిటికీ బార్లా తెరిచింది. సెగ పెంచి, గరిట పక్కన పడేసి, చేతులు కట్టుకుని నిలబడింది. అలా నిలబడడానికి ఎంత గుండె కావాలో ఆవిడకే తెలుసు.

"ఒసేయ్ వెర్లీ! మాడుతోందే!"

"లేదత్తయ్యా, ఇంకా రంగు రావాలి!"

"రంగా, నీ మొహమా! బొగ్గవుతుంటేనూ! గరిట తిప్పవే!"

"తిప్పుతూనే ఉన్నా!"

కర్ర టకటకలాడింది. ట్రైలర్ మెట్లు కిర్రుమన్నాయి. యూలాలీ వచ్చిన ఊపుకి వెర్లీ పక్కకి తప్పుకుంది.

"జరుగు! దీన్ని అవతల పారబోసి గిన్నె తోమి తీసుకురా. పిండి ఎక్కడ? ఇన్నేళ్ళ కాపురం చేసి పిండి మాడ్చావా, సిగ్గులేదూ!"

కొత్త పిండి పడింది, గరిట తిరగడం మొదలైంది. ఇంక ఆవిణ్ణి ఆ పొయ్యి దగ్గరనుంచి ఎవరు కదిలించగలరు? వెర్లీ చప్పుడు చేయకుండా కిటికీ మూసింది, తలుపు మూసింది. ఎత్తు పీట ఒకటి ఆవిడ వెనక్కి జరిపితే యూలాలీ చూసుకోకుండానే కూర్చుంది. ఏసీ గాలి వీపుకి తగిలేలా తిప్పి, మంచినీళ్ళ గ్లాసు అందించింది. తిట్టుకీ తిట్టుకీ మధ్య ఆవిడ గుక్క గుక్కగా తాగేసింది. రెండో గ్లాసూ తాగింది. కాసేపటికి మొహంలో ఆ ఎరుపు దిగింది. వెర్లీ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పిండి రంగు తేలుతుండగా యూలాలీ తల ఎత్తకుండానే అంది. "నువ్వొచ్చిన దగ్గర్నుంచీ నీ చేతి గంబో తింటున్నా. ఒక్కనాడు మాడలేదు."

"ఏదో... పరాకుగా ఉన్నానత్తయ్యా."

"ఊఁ."

అంతలో పొరుగింటి థెల్మా రొయ్యల బకెట్టుతో తలుపు తోసుకుని వచ్చింది. వస్తూనే ముక్కు ఎగబీల్చింది. "అయ్యో అయ్యో, ఏమిటీ మాడు కంపు? ఎవరి ఘనకార్యమమ్మా?" అంటూ వెర్లీ వైపు చూసింది. ఆ కళ్ళలో పండగ. తెల్లారేసరికి గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మోసుకెళ్ళడానికి సిద్ధంగా ఉంది.

వెర్లీ చెప్పుకోవడానికి నోరు తెరిచింది.

"నాదే," అంది యూలాలీ. "ముసలిదాన్ని. చల్లగా ఉంది కదా అని కునుకు పట్టింది, పిండి మాడింది. చాలా?"

థెల్మా గిన్నెలోకి తొంగి చూసింది. ఆ గట్టు మీద పిండి వేయించడం సగంమందికి నేర్పింది యూలాలీయే. ఆవిడ పిండి మాడ్చిందంటే నమ్మాలా, మానాలా? బకెట్టు అక్కడ పెట్టేసి, ఆ కబురు మోసుకుంటూ హడావిడిగా మెట్లు దిగింది.

"అత్తయ్యా, అదేంటి? ఊరంతా చెబుతుంది," అంది వెర్లీ.

"చెప్పనీ. నోర్మూసుకుని ఉల్లిపాయలు వెయ్యి, పిండి రంగుకొచ్చింది. ఆ కిటికీ పక్క మంచం మీద దుప్పటి మార్చు, రాత్రికి అది నాది. నీ మొగుణ్ణి ట్రక్కులో పడుకోమను, వాడు గురక పెడతాడు."