గసగసాల సాక్ష్యం

ఈ మిక్సీ మూత సందులో దూరినవి ఆవాలు కావు, ఆవాలైతే ఇంత నాజూగ్గా ఉండవు, నిన్న పాయసానికి రుబ్బిన గసగసాలు, అనుకుంటూ పిన్నీసుతో పీకుతున్న వత్సల చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఆ గసగసాలన్న మాట ఆమె తలలో కొడుకు చేత మత్తు మాన్పిస్తున్న డాక్టర్ మధుర గొంతుతో వినిపించింది, అమ్మా, దగ్గు మందు వద్దు, గసగసాలు వద్దు, మసాలాలో కూడా వద్దు, పరీక్షలో అదీ మత్తుమందు మాదిరే చూపిస్తాది, అని ఎప్పుడో చెప్పింది, మా ఇంట్లో మసాలాలు యాడివమ్మా అని తను కొంచెం గొప్పగానే తల ఊపింది, మసాలా గుర్తుంది, పాయసం గుర్తు లేదు, తనది బీయెస్సీ కెమిస్ట్రీ, ఫస్టు క్లాసు, ఆ సర్టిఫికెట్టును ఇప్పుడు ఈ జారులోనే వేసి తిప్పాలి, నిన్న కొడుకు ప్రాణేశ్ కూలి పెరిగిందని కమ్మగా గసగసాల పాయసం చేసి, పెద్ద లోటా నిండా పోసి వాడి చేతికిచ్చింది తనే, పొద్దున నవ్వుతూ వాడిని పరీక్షకు సాగనంపిందీ తనే.

ఫోను చేద్దామంటే అక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టేస్తారు, చెప్పులేసుకుని వీధిలోకి పరుగెత్తింది, శశికుమార్ ఆటో ఎక్కి కోరమండల్ గని దగ్గరికి అంది, ఏంక్కా ఇంత అర్జెంటు, అన్నాడు వాడు, పిల్లోడు టిఫిన్ మర్చిపోయి పోయినాడప్పా, అంది, శశికుమార్ అద్దంలోంచి చూశాడు, టిఫిన్ డబ్బా లేదు, అక్క చేతిలో ఉన్నది మిక్సీ మూత, పాపం హ్యాండిల్ తిప్పి వేగం పెంచాడు, ఏమన్నా అనుంటే వాడిని తిట్టి కాస్త తేలికపడేది, ఎంత విచిత్రమైన ఉద్యోగం ప్రాణేశ్‌ది, పాత గని క్వార్టర్సు పక్కన ఒక షెడ్డు, మత్తు మానుకునేవాళ్ళకు పనిచ్చే చోటు, పొద్దున్నే చిన్న సీసాలో మూత్రం ఇవ్వాలి, అది శుభ్రంగా ఉంటేనే లోపలికి పంపిస్తారు, కోలారు టమాటా మార్కెట్టుకు పెట్టెలు కొట్టే పని, సాయంత్రం కూలి చేతికి, నిలకడగా ఉన్నకొద్దీ కూలి పెరుగుతుంది, ఒక్కసారి తేడా వస్తే ఆ రోజు పనీ లేదు, పెరిగిన కూలి మళ్ళీ మొదటికొస్తుంది, మూత్రం పోసి జీతం తెచ్చుకునే ఉద్యోగం మన వంశంలో ఎవరూ చెయ్యలేదే, అన్నాడు వాడి నాన్న మొదట్లో, బ్యాంకు క్లర్కుగా రిటైరైన విజయేంద్రరావు గారు, తర్వాత ఎవరడిగినా మావాడు ప్యాకేజింగ్ లైన్లో ఉన్నాడండీ అని మీసం సర్దుకోవడం మొదలుపెట్టాడు, నవ్వొచ్చింది వత్సలకు, వచ్చి సగంలోనే చచ్చిపోయింది, ఎందుకంటే ఇంకో ఆలోచన పాములాగా పక్కన చేరింది, పరీక్ష తప్పితే అది పాయసం వల్లే అని ఎట్లా తెలుస్తుంది, వీడు నిజంగానే ఏదైనా మింగి ఉంటే, అమ్మ పెట్టిన పాయసమే అంటాడు, తనూ అవునవును అంటుంది, ఎంత చక్కటి సాక్ష్యం, అబద్ధమాడేవాడికి నేతితో చేసిపెట్టిన సాక్ష్యం, ఇంగ జన్మలో నిజం తెలియదు, పాత రోజుల్లో చొక్కా వాసన చూసేది, జేబులు తడిమేది, కళ్ళలోకి చూసేది, దగ్గు మందు సీసాలు బట్టల బీరువాలో, మాత్రలు దేవుడి గూట్లో దొరికేవి, వెండి కుంకుమ భరిణ మాత్రం దొరకనే లేదు, నేను కాదమ్మా, నీమీద ఒట్టు, అనేవాడు కాళ్ళు పట్టుకుని, ఆ ఒట్లకు తను ఇంకా బతికుండడమే ఆశ్చర్యం, ఆటో గతుకులో ఎగిరింది, దూరంగా మూతబడిన గని ఇనుప చక్రం కనబడింది.

గేటు దగ్గర వాచ్‌మన్ హనుమప్ప స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు, అయ్యా, తప్పు నాది, మా పిల్లోడిది కాదు, పాయసం నేనే పోసినాను, ఇదో చూడండి, అని మూత అతని ముక్కు కిందికి పెట్టింది, అతను మూతను చూసి ఆమెను చూసి, మిక్సీ రిపేరా అమ్మా, బజారులో చేస్తారే, అన్నాడు, కాదప్పా గసగసాలు, అని అరిచింది, మీ పిల్లోడా, ప్రాణేశా, వాడు పొద్దున్నే లోపలికి పోయినాడు కదమ్మా, పరీక్ష బాగానే వచ్చినాది, అన్నాడు, ఆ మాట చెవిలో పడ్డాక గాని లోపలి సుత్తి చప్పుడు ఆమెకు వినబడలేదు, బాగా వచ్చిందా, ఎట్లా, అంత పాయసం యాడికి పోయింది, అంటే తన పాయసంలో సత్తువ లేదా, అని ఒక పక్క తనలోని వంటమనిషి నొచ్చుకుంది కూడా, ఇంతలో చేతి నిండా రంపపు పొట్టుతో ప్రాణేశే బయటికొచ్చాడు, ఏందమ్మా ఇక్కడ, నాన్నకేమన్నా అయిందా, అంటూ మూత చూశాడు, అర్థమైపోయింది, మొహం ఎర్రబడింది.

ఇప్పుడు జ్ఞాపకం వచ్చిందా నీకు, డాక్టరమ్మ నీ ముందరే కదా చెప్పింది, నా పనితో ఆటలా నీకు, నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ పొద్దు రోడ్డు మీద నిలబడుంటాను, తెలుసునా, అని అందరి ముందూ దులిపేశాడు, మరి పాయసం, అంది వత్సల, నువ్వు అంత సంబరంగా ఇచ్చినావు, వద్దనలేక నాన్న లోటాలో కలిపేసినాను, ఆయన రెండు వాటాలూ తాగేసినాడు, మధ్యాహ్నం దాకా గురక పెడతాడు పో, అన్నాడు, హనుమప్ప పకపకా నవ్వాడు, వాడు నవ్వలేదు, ఇంగోసారి చేసినావంటే నా వంట నేనే చేసుకుంటాను, అని గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు, వెంటనే సుత్తి మొదలైంది, కోపం ఇంకా దిగలేదని ఆ దెబ్బలే చెబుతున్నాయి, ఏం పిల్లోడమ్మా, తల్లినిట్లా తిడతాడు, అన్నాడు హనుమప్ప, తిట్టనీ అప్పా, అంది వత్సల, కళ్ళు తుడుచుకుంటూ, ఎందుకంటే వాడు ఇన్నేళ్ళూ ఏడ్చాడు, బతిమాలాడు, ఒట్లు పెట్టాడు, తనను ఒక్కసారి కూడా తిట్టలేదు, తిట్టే మొహమే లేదు వాడికి, ఈ పొద్దు తిట్టాడంటే వాడి చేతిలో వాడిదంటూ ఒకటి ఉంది, అది పోతుందేమోనని భయం ఉంది, అమ్మ చేతి లోటానైనా అనుమానంగా చూసేంత భయం, ఇంగ కాపలా తనది కాదు, వాడిది.