పుస్తకంలో నాలుగు గంటలు

అన్నీ నాలుగే ఎలా అవుతాయి, మనుషులన్నాక, మిషన్లన్నాక కాస్త అటూ ఇటూ అవకుండా ఉంటాయా, ఒకరోజు మూడూ యాభై, ఒకరోజు నాలుగూ అయిదు, పొయ్యి మీద పాలు కూడా రోజూ ఒకే నిమిషానికి పొంగవు, అలాంటిది అరవై రెండు మంది రోగులు, వారానికి మూడేసి సార్లు, ఆరు నెలలపాటు, రిజిస్టరు ఎక్కడ తెరిచినా డయాలిసిస్ చేసిన సమయం నాలుగు గంటలు, నాలుగు గంటలు, నాలుగు గంటలు, ఇంత శుభ్రమైన లెక్క దొరికినందుకు పరిశోధన చేసే మనిషి సంతోషించాలి, ఆమెకు మాత్రం ఉతక్కుండానే ఇస్త్రీ చేసి మడతపెట్టిన చీర చేతికిచ్చినట్టు ఉంది, మడత బాగానే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటేనే తెలుస్తుంది, అందుకే ఇవాళ రిజిస్టరు వదిలేసి మనిషి పక్కన కూర్చుంది, సొంత అక్క మంచం పక్కన, ప్లాస్టిక్ స్టూలు మీద, ఎనిమిదీ ఇరవైకి మిషను మొదలైంది, చేతి గడియారంలో చూసుకుంది, గోడ గడియారాన్ని నమ్మలేదు, గోడ గడియారం వాళ్ళది.

అక్క కళ్ళు మూసుకుంది, నిద్ర కాదు, చిన్నప్పుడు తనతో మాట్లాడటం ఇష్టం లేనప్పుడు కూడా ఇలాగే మూసుకునేది, ఎడమ చేతికి రెండు సూదులు, ఒక గొట్టంలోంచి రక్తం మిషనులోకి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ఒంట్లోకి, దుప్పటి చివర పాదాలు, పొద్దున చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది, నాలుగు గంటలు శుద్ధి చేస్తున్న ఒంట్లో అంత నీరెందుకుంటుంది, డయాలిసిస్ అయ్యేసరికి రక్తంలో యూరియా మూడింట రెండు వంతులు తగ్గాలి, అక్కకి సగానికి కాస్త ఎక్కువ తగ్గుతోంది అంతే, రెండు నెలల్లో రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడుకోబెట్టారు, మూడోసారి వస్తే ఏం చెప్పలేమమ్మా అని అక్కడి డాక్టరు తనను పక్కకు పిలిచి చెప్పింది, ఆ మాట అక్కకి చెప్పలేదు, బావకీ చెప్పలేదు, కడుపులోనే పెట్టుకుంది, ఎవరో ఎక్కడో అక్క ఆయుష్షులోంచి రోజుకో ముక్క కోసుకుంటున్నారు, ఎవరన్నదే తేలాలి, ఆ మాటకొస్తే బావ మీద కూడా అనుమానమే, ప్రతిసారీ తీసుకొచ్చి కూర్చునే మనిషి, నిన్న ఫోన్ చేసి రేపు నేను కూర్చుంటాను బావా అంటే, నీకెందుకమ్మాయ్ శ్రమ, కుర్చీ కూడా ఉండదక్కడ, దోమలు, ఏసీ చలి అన్నాడు, ఏసీ చలిలో దోమలేమిటి బావా అంటే నవ్వేశాడు, ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

టెక్నీషియన్ వచ్చాడు, యాభై దాటిన మనిషి, తాడు కట్టిన కళ్ళజోడు మెడలో, మిషను తెర మీద ఏదో చూసి, అక్క మంచం చివరన వేలాడే నీలం అట్ట పుస్తకం తీసి రాసి పెట్టేశాడు, ఇక్కడ రోగులందరికీ అలాంటి పుస్తకం ఒకటుంది, బరువు, రక్తపోటు, సమయం రాసి ఇంటికి పంపిస్తారు, అతను అటు తిరగగానే ఆమె దాన్ని తెరిచింది, ఇవాళ్టి తేదీ కింద అప్పుడే రాసేసి ఉంది, నాలుగు గంటలు, తొమ్మిదిన్నర కూడా కాలేదు, పరీక్ష రాయకముందే మార్కులేసినట్టు, చూశావా, దొంగ దొరికాడు, కానీ తొందరపడకూడదు, చేస్తుండగా పట్టుకోవాలి, ఒంటరిగా చేసే ధైర్యం ఇతనికుందా, వెనక ఎవరున్నారు, పెద్ద డాక్టరా, పోయిన వారం పెద్ద డాక్టరు గదిలో ఆమె తన ఫలితాలు బల్ల మీద పరిచింది, మూడున్నర గంటలు చేసే ఊరవతలి కేంద్రంలో రోగులూ, నాలుగు గంటలు చేసే ఈ కేంద్రంలో రోగులూ ఒకేలా ఉన్నారు సార్, అంతే మంది ఆస్పత్రి పాలవుతున్నారు, అంతే మంది పోతున్నారు, నాకే నమ్మబుద్ధి కావడం లేదు అంది, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నేనెప్పుడో అనుకున్నాను, ఆ అరగంట దండగ, నువ్వు పేపరు పంపించు, వచ్చే నెల నుంచి ఇక్కడా మూడున్నరే, రోజుకి మూడు బ్యాచ్‌లు కాదు నాలుగు, బయట ఎంతమంది వెయిటింగులో ఉన్నారో నీకు తెలుసుగా అన్నాడు, అన్న మాటలో తప్పేం లేదు, అదే భయం, తప్పు లేని మాట వెనకే ఎక్కువ తప్పులు దాక్కుంటాయి, ఆ పేపరు మీద తన పేరుంటుంది, అది చూసి ఇంకో ఊళ్ళో ఇంకో పెద్ద డాక్టరు ఇంకో అరగంట కోసేస్తాడు, ఈ రిజిస్టరు అబద్ధమైతే ఆ కోతంతా తన చేతి మీదుగా జరిగినట్టే.

పక్క మంచం మీద లారీ డ్రైవరుగా చేసి మానేసిన పెద్దాయన, ఏవమ్మా, చెల్లెలివా, పోలికలున్నాయి, నువ్వు కాస్త ఎక్కువ కోపంగా ఉన్నావంతే అన్నాడు, ఆమె తల ఊపి ఊరుకుంది, ఆయన ఊరుకోలేదు, మేం గ్లాసుడు నీళ్ళు ఎక్కువ తాగితే నేరం, ఇదేమో మా ఒంట్లోంచి మూడు లీటర్లు తాగి తేన్చదు కూడా అంటూ మిషను వైపు చూపించాడు, అక్క కళ్ళు మూసుకునే నవ్వింది, అంటే మెలకువగానే ఉంది, అంటే తనతోనే మాట్లాడటం లేదు, ఎందుకు, పది, పదిన్నర, మిషను ఒకసారి కూసింది, టెక్నీషియన్ వచ్చి గొట్టం సరిచేసి వెళ్ళాడు, వెళుతూ అక్క వైపు చూశాడు, అక్క తల అడ్డంగా ఊపింది, ఏమిటది, ఏదో సైగ, డ్రైవరు దగ్గాడు, ఆ దగ్గు కూడా సహజంగా లేదు, పదకొండున్నర, అక్క కుడి చెయ్యి మంచం పక్క ఇనుప కడ్డీని పట్టుకుంది, పెదవి కింద చెమట, ఏసీ చలిలో చెమటేమిటి, ఏమైందక్కా అంటే ఏం లేదే, నువ్వు వెళ్ళి కాఫీ తాగిరా, పొద్దుట్నుంచీ కూర్చున్నావు అంది, వద్దంటే ఒక్క పది నిమిషాలు తిరిగిరా, నడుం పట్టేస్తుంది అంది, అదీ సంగతి, తనను లేపాలని చూస్తున్నారు, అందరూ కలిసి, అక్కతో సహా.

పదకొండూ యాభైకి టెక్నీషియన్ వచ్చి నిలబడ్డాడు, ఆమెను చూశాడు, అక్కను చూశాడు, మిషను మీద చెయ్యి వేశాడు, ఇంకా అరగంట ఉంది కదండీ అంది ఆమె, గొంతు మెత్తగానే పెట్టింది, అతను మిషను మీంచి చెయ్యి తీసేలోపే పట్టుకోవాలని, అవునండీ ఉంది అన్నాడతను, మరి పుస్తకంలో నాలుగని పొద్దున్నే రాసేశారు, ఎవరు రాయమన్నారు, పెద్ద డాక్టరా, ఇలా ఎంతమందికి చేస్తున్నారు, మా అక్క రెండుసార్లు చావుదాకా వెళ్ళొచ్చింది తెలుసా మీకు, అతను కళ్ళజోడు తీసి తాడుకి వదిలేశాడు, అప్పుడు అక్క కళ్ళు తెరిచి, ఆయన్ననకే, అరగంట ముందే దింపమన్నది నేను, మొదటి నెల నుంచీ నేనే అంది.

నువ్వా, ఎందుకు, అక్క దుప్పటి కింద కాలు కదిలించబోయి పళ్ళు బిగించింది, పిక్క రాయిలా ముడి పడి ఉంది, దుప్పటి మీద నుంచే కనిపిస్తోంది, టెక్నీషియన్ అరచేత్తో పాదాన్ని పట్టి పైకి వంచాడు, అలవాటైన చెయ్యి, చివరి అరగంటలో రోజూ ఇంతేనండీ, ఈవిడొక్కరికే కాదు, చాలామందికి, నేనూ మొదట్లో మూడున్నరనే రాసేవాణ్ణి, ఆ పుస్తకం ఇంటికెళ్ళాక అక్కడ గొడవ, మళ్ళీ వచ్చినప్పుడు రోగులే నా మీద పడేవాళ్ళు, నాలుగని రాస్తే నీ సొమ్మేం పోయిందయ్యా అని, పుస్తకంలో ఒకటి రిజిస్టరులో ఒకటి రాస్తే పట్టుబడతాను కదండీ, రెండింట్లోనూ అదే రాశాను అన్నాడు, డ్రైవరు పైకప్పు చూస్తూ, మా అందరికీ ఇంట్లో తలా ఒక హెడ్మాస్టరు ఉన్నారమ్మా, నాకు మా కోడలు అన్నాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు, బావకి తెలుసన్నమాట, అందరికీ తెలుసు, తన లెక్కలోంచి అరవై రెండు వరసలూ తీసెయ్యాలి, పెద్ద డాక్టరుకి ఈ సాయంత్రమే చెప్పాలి, మూడున్నరను మూడున్నరతో పోల్చి తేడా లేదన్నాం సార్ అని, అది తేలికే, కానీ నాకొక్క మాట చెప్పొచ్చు కదక్కా, నీరు లాగే వేగం కాస్త తగ్గించి ఇంకో అరగంట ఎక్కువ పెట్టమంటే ఈ నొప్పే ఉండదు, ఇన్నాళ్ళూ ఎందుకు పడ్డావు అంది, అక్క నిదానంగా, చెప్పానే అంది, చెప్పావా, ఎప్పుడు, చెప్పింది, మొదటి నెలలోనే, వంటింట్లో, తను పళ్ళెం ముందు కూర్చుని లాప్‌టాప్ చూస్తుంటే, చివర్లో కాళ్ళు పట్టేస్తున్నాయే, తట్టుకోలేకపోతున్నాను అంది, తను లాప్‌టాప్ ఇటు తిప్పి ఎవరెన్నాళ్ళు బతుకుతారో చెప్పే గీతలు చూపించింది, ఇదిగో ఈ పై గీత పూర్తిగా చేయించుకునేవాళ్ళది, కింద గీత మధ్యలో దిగిపోయేవాళ్ళది, నువ్వు ఏ గీతలో ఉంటావో తేల్చుకో, కొంచెం ఓర్చుకోవాలక్కా అంది, అక్క ఆ గీతలు చూసి, సరేనని గిన్నెలు తీసేసింది, ఆ తర్వాత ఇంకెప్పుడూ చెప్పలేదు, ప్రతి ఆదివారం నీలం పుస్తకం చూపించు అని తను చెయ్యి చాపితే తెచ్చి ఇచ్చేది, తను నాలుగు, నాలుగు, నాలుగు చదువుకుని మెచ్చుకునేది.

టెక్నీషియన్ చెయ్యి ఇంకా మిషను మీదే ఉంది, ఏం చెయ్యమంటారు అన్నాడు, అడిగింది ఆమెను కాదు, అక్కను, అయినా అక్క జవాబు అతనికివ్వలేదు, చెల్లెలి మొహంలోకి చూసి, కనుబొమల మధ్య ముడి పడిందేమో వెతికి, ఉండనివ్వండి, నడపండి, ఓర్చుకుంటాలే అంది గబగబా, కడ్డీ మీద వేళ్ళు తెల్లగా అయిపోయి ఉన్నాయి, ఏడేళ్ళు పెద్దది, తనను చంకనేసుకుని తిరిగిన మనిషి, తను గ్లాసు పగలగొడితే నేనే పగలగొట్టానని అమ్మ ముందు నిలబడిన మనిషి, ఎవరి కళ్ళూ లెక్కచేయని మనిషి ఇప్పుడు తన కళ్ళు చూసి మాట మార్చుకుంది, అక్క తనకి భయపడుతోంది.