గుమ్మి బొమ్మ

కొంటా ఊరి బస్టాండు పక్కన భూషణానికి ఒక జిరాక్స్ దుకాణం ఉంది. అందులోనే ఓ మూల కూర్చుని ఆయన కూతురు నవీన ఆన్‌లైన్ పనులు చూస్తుంది. ఆధార్ సవరణలు, రేషన్ కార్డు కేవైసీలు, కాలేజీ ఫారాలు. జగదల్‌పుర్‌లో బీసీఏ చదివింది. దుకాణంలోని రెండు కంప్యూటర్లలోనూ ఉచితంగా దొరికే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌నే పెట్టింది. దాన్ని తయారు చేసేది ఏ కంపెనీయో కాదు, దేశదేశాల్లో ఉన్న ఔత్సాహికులు. రెండేళ్లుగా నవీన కూడా వాళ్లలో ఒకతె. ఖాళీ దొరికినప్పుడల్లా ఐకాన్లు గీసి పంపుతుంది.

ఆ వేసవిలో ‘సేవ్’ బటన్‌కు కొత్త బొమ్మ కావాలని వాళ్లు అడిగారు. పాత బొమ్మ ఫ్లాపీ డిస్కు. ఫారాలు నింపడానికి వచ్చే కాలేజీ పిల్లలు దాన్ని చూసి “దీదీ, ఈ డబ్బా ఏంది?” అని అడగడం నవీనకు అలవాటే. భద్రంగా దాచడం అనగానే ఆమెకు తోచింది వడ్లు పోసే గుమ్మి. వెదురు బద్దలతో అల్లి, పేడతో అలికి, ఇంట్లో నిలువెత్తున నిలబెట్టే గుమ్మి. అదే గీసి పంపింది.

రెండుసార్లు తిరిగొచ్చింది. ఐకాన్లను పరీక్షించే ఇల్సే అనే ఆమె జర్మనీ నుంచి మర్యాదగానే రాసింది. ఆలోచన బాగుందట. కానీ చిన్న సైజులో కుండలా కనిపిస్తోందట. నల్ల థీమ్‌లో అల్లిక మాయమవుతోందట.

తప్పు ఎక్కడుందో నవీనకు తెలుసు. ఎవరు తమ తెరను ఏ రంగులో పెట్టుకున్నా ఐకాన్ ఆ రంగుకు తగ్గట్టు తనంత తాను మారాలి. బొమ్మ అంచు రంగు మారుతోంది కానీ, అల్లిక కోసం లోపల తను గీసిన గీతలు మాత్రం నల్లగానే ఉండిపోతున్నాయి. గీతలు తీసేస్తే కుండే మిగులుతోంది. మూడోసారీ కుదరకపోతే మామూలు బాణం గుర్తు పెట్టేద్దామని ఇల్సే రాసింది.

“బాణమంటే బాణమే గియ్యరాదు? ఎందుకంత పట్టుదల?” అన్నాడు భూషణం.

“గుమ్మిని కుండంటే ఎట్ల ఊకుంట నాయినా?”

సంత రోజున ఎర్రబోరు నుంచి సోడి భీమే కేవైసీ కోసం వచ్చింది. యాభై దాటిన దోర్ల తెగ మనిషి. బుట్టలూ చేటలూ అల్లి అమ్ముతుంది. సర్వర్ పనిచేయడం లేదని నవీన ఆమెను కూర్చోబెట్టింది. కాసేపటికి భీమే తెరవైపు వంగింది.

“ఏందిది బిడ్డా, కుండనా?”

నవీన నవ్వలేక నవ్వింది. “గుమ్మి, పెద్దమ్మా.”

“అలికినంక గుమ్మేందో కుండేందో దూరంకెళ్లి ఎవరికి తెలుస్తది? అలకకముందు ఎట్లుంటదో అట్ల గియ్యి.”

“గీసిన. చూడు.” నవీన తెరను నల్లగా మార్చింది. అల్లిక గీతలు చీకట్లో కలిసిపోయాయి. “ఇగో, ఇట్ల పోతున్నయ్.”

భీమే తన బుట్టల్లోంచి ఒకటి తీసి వాకిట్లోని వెలుగుకు ఎత్తి పట్టింది. “నువ్వు గీతలు గీస్తున్నవ్. మేం గీతలు గీస్తమా? బద్దకు బద్దకు నడుమ సందు ఇడుస్తం. ఆ సందే అల్లిక. సందుకు రంగేముంటది? ఎనక ఏదుంటే అదే కనవడ్తది.”

బుట్ట సందుల్లోంచి రోడ్డు మీద ఆగి ఉన్న బస్సు నీలంగా కనిపించింది. బస్సు కదిలి వెళ్లిపోయాక అవే సందులు ఎర్రమట్టి రంగయ్యాయి. నవీన ఒక్క ఉదుటున కుర్చీ ముందుకు జరుపుకుంది. గీతలన్నీ చెరిపేసింది.

“ఎన్ని సందులు పెట్టాలె?”

“గంత చిన్నదానికి నాలుగు చాలు. వరసకో దిక్కు జరుపు. అన్నీ ఒక్క తీరుగ పెడితే జల్లెడయితది.”

పదహారు గళ్ల పొడవు, పదహారు గళ్ల వెడల్పు ఉన్న చోటులో నవీన నిండుగా ఒక ఆకారం నింపి, దాంట్లో నాలుగు సందులు కత్తిరించింది. తెల్ల తెర మీద చూసింది. నల్ల తెర మీద చూసింది. చూపు తక్కువున్నవాళ్లు పెట్టుకునే నలుపూ పసుపూ తెర మీద చూసింది. ఎక్కడా అల్లిక చెదరలేదు.

“మూతేది? ఎలుకలు పడ్తయ్” అంది భీమే.

కోసుగా మూత పెట్టగానే కుండ పోలిక పూర్తిగా పోయింది. సర్వర్ వచ్చి, భీమే వేలిముద్ర ఇచ్చి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది.

నవీన ఇద్దరి పేర్లతో బొమ్మ పంపింది. రెండు రోజులకు ఇల్సే జవాబు వచ్చింది. బొమ్మ తీసుకుంటున్నామనీ, చాలా బాగుందనీ రాసింది. రెండో ఆమె ఏం చేశారని అడిగింది. నవీన ఏదేదో రాసి, చెరిపి, చివరికి ఇలా పంపింది: “డిజైన్ ఆమెది. గీసిన చెయ్యి నాది. ఆమె పేరే ముందుండాలి.”

చలికాలంలో కొత్త వెర్షన్ వచ్చింది. నవీన కబురు పెడితే సంతకు వచ్చిన భీమే దుకాణానికి వచ్చింది. లోపల పదిమంది వరసలో ఉన్నారు. కళాకారుల పేర్ల జాబితా తెరిచి నవీన తండ్రిని పిలిచింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు.

“సోడి భీమే.”

వరసలోని వాళ్లందరూ తిరిగి చూశారు.

“ఇంకోపాలి సదువు అన్నా” అంది భీమే.

భూషణం ఈసారి రోడ్డు అవతలికి వినిపించేలా చదివాడు. ఆ కింద కూతురి పేరూ చదివాడు. “నా బిడ్డ” అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

“ఆ పైపేరు ఎవరిది?” అన్నారెవరో.

“నాదే. గుమ్మి నాదే” అంది భీమే, కొంగు సర్దుకుని నిటారుగా నిలబడి. తర్వాత తెర మీది గుమ్మి బొమ్మకు దగ్గరగా వెళ్లి, దాని పక్కన వేలు పెట్టి చూపించింది. “దీని పక్కనేంది?”

“పారేసేటివి ఏసే డబ్బా.”

“ఎవరు చేసిండ్రు ఇది? అడుగు ఇంత సన్నగుంటే నిలవడ్తదా?”

భీమే స్టూలు లాక్కుని కూర్చుంది. నవీన కొత్త పేజీ తెరిచింది.