బంగారు తీగకు మైనం

చిన్నక్క కుట్టుమిషను మీది బంగారు రంగు పూలతీగ బొమ్మను చెరిపేసింది ఆమె అక్క రామక్కే. అందులో వాదనకు తావు లేదు. చిన్నక్క పోయాక వచ్చిన ఆయుధపూజకు రామక్క వచ్చి, మిషను మీది పూలూ ఆకులూ ఇత్తడి అనుకొని, చింతపండూ బూడిదా వేసి చెంబు తోమినట్టు తోమింది. నీళ్ళు నల్లగా కారాయి. కడిగి చూస్తే మిషను మెడ మీది తీగ మిగిలింది. గుడ్డ జరిగే పలక మీది తీగ లేదు. “మళ్ళీ ఈ గడప తొక్కొద్దు” అన్నాడు చిన్నక్క మొగుడు కుళ్ళాయప్ప.

ఏడాది తిరిగింది. మిషను ఆగిన ఇంట్లో చప్పుడు చేసేది సంగటి కుండ మూత ఒక్కటే. ఇద్దరికి కెలికిన చెయ్యి ఒకడికి కెలకడం నేర్చుకోలేదు. మిగిలిన ముద్ద వీధికుక్కకు పోతోంది.

మళ్ళీ ఆయుధపూజ దగ్గర పడింది. ఉన్న తీగైనా నిలవాలి. పైన ఏ మైనం పూస్తే నిలుస్తుందని, రాయదుర్గంలో మిషన్లు బాగుచేసే ఎర్రన్న దగ్గరికి పోయి అడిగాడు.

“ఏమప్పా కుళ్ళాయప్పా, మిషనుకు సీమంతం చేస్తాండావా?”

“నోరు మూసుకొని మైనం సంగతి చెప్పు.”

“నోరు మూసుకొని ఎట్ల చెప్పేదప్పా? తుక్కులో పాత మిషను తల ఒకటి ఉండాది. దాని మీదా పూలుండాయి. అన్నీ పూసి చూసుకో. చెడితే అదే చెడుతాది.”

కుళ్ళాయప్ప దాన్ని గోనెసంచిలో తెచ్చుకొని ఎండలో గట్టు మీద పెట్టాడు. మోటారు బండ్లకు పూసే పాలిష్‌తో రుద్దితే గుడ్డకు పసుపు రంగు అంటింది. పాలిష్‌లోని గరుకుకు పూలు అరుగుతున్నాయి. కొవ్వొత్తి కరిగించి పూస్తే ఆకుల అంచుల్లో తెల్లగా పేరుకుంది. తేనె మైనం నిగనిగలాడింది గానీ, మధ్యాహ్నానికి మెత్తబడి, గాలికి లేచిన ఎర్రదుమ్ము దాని మీద బెల్లం మీది ఈగల్లా వాలింది. చివరికి వడ్రంగులు బల్లలకు పూసే గట్టి మైనం పలచగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిచాడు. దుమ్ము పడింది. ఊదితే పోయింది. ఇదే అనుకున్నాడు.

పండగ పొద్దున చిన్నక్క పాత చీర ముక్కతో ఆ మైనం రాశాడు. ఆరాక తుడుస్తుంటే మిషను మెడ తళుక్కుమంది. ఆ మెరుపులో బూడిదతో తోమిన గీతలు కనబడ్డాయి, సున్నాలు చుట్టినట్టు, తీగ మీదా పూల మీదా. రామక్క అక్కడ గట్టిగానే తోమింది. అయినా బంగారం చెక్కుచెదరలేదు.

పలక వైపు తిప్పి చూశాడు. అక్కడ ఆ తోమిన గీతలే లేవు. వంకలో నీళ్ళకు అరిగిన రాయిలా నున్నగా ఉంది. సూది కింది నుంచి గుడ్డ జరిగిన దారంతా అరిగి నున్నబడింది. జీన్స్ గుడ్డ. చిన్నక్క ఉన్నన్నాళ్ళూ ఆ పలక మీద ఎప్పుడూ ఆ గుడ్డే పరిచి ఉండేది, కింద తీగ ఎప్పుడు అరిగిపోయిందో ఎవరూ చూడలేదు. కుట్టడానికి ఆ గుడ్డ మూటలు రాయదుర్గం నుంచి సైకిల్ మీద మోసుకొచ్చింది కుళ్ళాయప్పే. ఇంకో మూట తెచ్చేదా అని ఆమెను ఏనాడూ అడిగింది లేదు, తెచ్చి పడేయడమే.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. రామక్క. చేతిలో కుంకుమ పొట్లం. గడప బయటే నిలబడింది.

“కాలు పెట్టనులేప్పా. చెల్లెలి మిషనుకు బొట్టు పెట్టి పోతా. ఇట్ల ఈడ్చు.”

“అంత బరువు యాడ ఈడ్చేది? లోపలికొచ్చి పెట్టు.”

ఆమె వచ్చి చక్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టింది. చూపు బోసి పలక మీద పడింది.

“నా చేతులిరిగిపోనూ. ఇత్తడనుకొంటి కదప్పా. నా చెల్లెలి తీగ నా చేతుల్తోనే...”

నువ్వు కాదు వదినా అని అతను అంటే చాలు. అంటే, మరి ఎవరు అని ఆమె అడుగుతుంది.

“ఆపు వదినా.”

“పోనీలే అని ఒక్కసారైనా అనప్పా.”

“అనను. అడగొద్దు. ఈ మిషను మాట ఇంక నీ నోట రాకూడదు. నేను చచ్చేదాకా నా నోటా రాదు.”