కండెలు చుట్టిన రోజులకు హాజరు లేదు

ఢిల్లీలో ఒక సెమిస్టర్ చదవాలంటే ఏమేం ఉండాలో ఏసీ గదిలో కూర్చుని తేల్చిన పెద్దలారా, మీ ఇంట్లో ఎవరైనా కూలి చేస్తూ చదివారా? చదివి ఉంటే ఆ నిబంధన అలా ఉండేది కాదు. పేదింటి పిల్లను గుమ్మం దగ్గర మెడపట్టి గెంటే ధైర్యం మీకు లేదు. అందుకే హాజరు శాతాన్ని అడ్డం పెడతారు.

భవ్యశ్రీ ఆ శాతం ముందు పొద్దుటి నుంచి నిలబడి ఉంది. పక్కన తండ్రి సదానందం. సిరిసిల్లలో మరమగ్గాల మీద కూలి. సాంచాలంటారు అక్కడ. ఆ సాంచాల మోతలో ఇరవై ఏళ్లు బతికినవాడు కాబట్టి మామూలుగా మాట్లాడినా యూనివర్సిటీ ఆఫీసు వరండా అంతా వినపడుతుంది.

యూనివర్సిటీ నుంచి ఒక్కరిని ఢిల్లీకి పంపుతారు. అక్కడ ఒక పరిశోధన సంస్థలో కార్మిక విధానాల మీద ఇంటర్న్‌షిప్, ఆ మార్కులే ఇక్కడి సెమిస్టర్‌కు జమ. ఏడుకు తగ్గని గ్రేడు కావాలి. ఏ సబ్జెక్టూ తప్పి ఉండకూడదు. విభాగం సిఫారసు ఉండాలి. ఇవన్నీ ఆమెకు ఉన్నాయి. సాంచాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ల కూలి మీద ఆమె రాసిన వ్యాసమే అందరికన్నా ముందు నిలిచింది. కానీ కిందటి సెమిస్టర్ హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి, ఆమెకు అరవై ఎనిమిదే. కారణం ఉంటే తండ్రో తల్లో వచ్చి చెప్పుకోవాలట. చెప్పడానికే సదానందం ఆ రోజు కూలి వదులుకుని వచ్చాడు.

లోపలికి పిలిచారు. పిల్ల క్లాసులకు ఎందుకు రాలేదని కోఆర్డినేటర్ ఓంప్రకాశ్ అడిగాడు.

“మా బిడ్డ ఉత్తగ కూసునే పిల్ల కాదు సార్,” అన్నాడు సదానందం. “పిల్ల తల్లి జరమొచ్చి మంచం పట్టింది. గప్పుడే చీరల ఆర్డర్ నడుస్తుండె. కండెలు చుట్టేటోళ్లు లేకపోతే సాంచాలు బందైతయి, సాంచాల ఆసామి పని ఇంకోనికిస్తడు. మా భవ్య కూసున్నది. ఒక్క సాంచ ఆగనియ్యలే. గసొంటి పిల్ల సార్.”

సిరిసిల్లలో ఇంతకు మించిన పొగడ్త లేదు. సాంచా ఆగనివ్వని మనిషికి అక్కడ పిల్లనిస్తారు, పెళ్లిలో ముందు వరుసలో కూర్చోబెడతారు. ఇక్కడా ఆ మర్యాద దొరుకుతుందని సదానందం అనుకున్నాడు. భవ్యశ్రీ తల దించుకుంది.

ఓంప్రకాశ్ చెడ్డవాడేమీ కాదు. ఒళ్లు మండేది అందుకే. తలుపు దగ్గరికి వేయించి, గొంతు తగ్గించి చెప్పాడు. జబ్బు చేస్తే మినహాయింపు ఉంది. ఎన్‌సీసీకి ఉంది, ఆటలకు ఉంది, యువజనోత్సవంలో డ్యాన్సుకు కూడా ఉంది. కూలి పనికి మాత్రం లేదు. జ్వరం అమ్మాయికే వచ్చిందని డాక్టర్ చీటీ తెస్తే చాలు, అందరూ చేసేదే, సాయంత్రానికల్లా పేరు పంపాలి అన్నాడు. తండ్రి చెప్పింది తాను విననట్టే ఉంటానన్నాడు.

సదానందం ముఖం మాడిపోయింది. బయటికొచ్చి దగ్గర్లో డాక్టర్ ఎవరైనా ఉన్నాడా అని క్లర్కు కైలాసాన్ని అడిగాడు.

“బస్టాండ్ కాడ ఉన్నడే,” అన్నాడు కైలాసం. “ఏ జరం గావాల్నో నువ్వు చెప్పు, ఆయన రాస్తడు.”

సదానందం గుమ్మంలోకి వచ్చి కూతుర్ని పిలిచాడు. ఆమె కుర్చీలోంచి కదలలేదు.

“నాకు జరం రాలే బాపూ.”

“నా నోటి తప్పు బిడ్డా. ఒక్క చీటే గదా.”

“నువ్వేం తప్పు చెప్పలే.”

ఇంట్లో ఆడవాళ్లు చేసే పనిని పనిగా లెక్కపెట్టాలని అడగడానికే ఆమె ఢిల్లీ పోవాలనుకుంది. పోవాలంటే ముందు తాను ఆ పని చేయనే లేదని, మంచంలో పడి ఉన్నానని రాసివ్వాలి. దీనికి మీరు అర్హత అని పేరు పెట్టారు.

మొండికేయొద్దని ఓంప్రకాశ్ బతిమాలాడు. తర్వాతి పేరు సిద్ధంగా ఉంది, ఆ అబ్బాయికి హాజరు సరిపోయింది అన్నాడు. సరిపోయిందంటే, డ్యాన్సు ప్రాక్టీసు రోజులు కలిపాక.

“ఆయన ఎగిరిన రోజులు హాజరైనయి,” అంది భవ్యశ్రీ. “నేను కండెలు చుట్టిన రోజులు ఎందుకు గాలే సార్?”

రూలు అలా ఉందన్నాడు. ఎవరు రాశారని అడిగింది. కమిటీ అన్నాడు. మీరు అందులో ఉన్నారా అని అడిగింది. ఉన్నానన్నాడు.

“అయితే గా కమిటోళ్లను గిప్పుడే పిలువుండ్రి. ఆటలు, జరం రాసిన కాడ్నే పని అని గూడ రాయుండ్రి. నా ఒక్కదానికి కాదు, కూలి చేసుకుంట సదివేటోళ్లందరికి. రాసినంకనే పేరు పంపుండ్రి, ఎవల్దైనా సరే. గప్పటిదాంక నేను ఈడికెల్లి లేవ.”