మబ్బు విడిన మధ్యాహ్నం

ఆ వేసవంతా మబ్బులే. విమానం నడపడం నేర్చుకుంటున్న రిటైర్డ్ లెక్కల టీచరు వరసగా పద్దెనిమిది రోజులు ఊరి చివరి చిన్న విమానాశ్రయానికి వచ్చి, రెక్కల మీది వాన నీళ్లు తుడిచి ఇంటికెళ్లింది. నేర్పేవాడు సొంత తమ్ముడే అయినా, ఒంటరిగా ఎగరనివ్వమంటే ససేమిరా అన్నాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం మబ్బు విడింది. తమ్ముడు నాలుగువైపులా కలయజూసి, "ఒక్క చుట్టు తిరిగి వెంటనే దిగిపో అక్కా," అన్నాడు.

పక్క సీటు ఖాళీ కావడంతో విమానం తేలిగ్గా లేచింది. ఆమె తనకు తనే పైకి పాఠం చెప్పుకుంటూ చుట్టు పూర్తిచేసింది. దిగేటప్పుడు మాత్రం విమానం రెండుసార్లు ఎగిరిపడింది.

చినుకులు మొదలవుతుంటే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "మూడుసార్లు దిగావేంటక్కా?"

"ఒకసారే దిగాలని నువ్వు చెప్పలేదుగా," అందామె.

ఇద్దరూ నవ్వుతూ, తడుస్తూ విమానాన్ని షెడ్డులోకి తోశారు.